వాసెన గుడ్డ చెప్పే ఇడ్లీ కథ

తార్నాక చౌరస్తాలో తెల్లవారుతూనే టిఫిన్ బండ్ల మీద మొదట పైకి లేచేది ఇడ్లీ పాత్ర మూతే. ఉస్మానియా హాస్టళ్ల కుర్రాళ్లు, వాకింగ్ ముగించుకున్న పెద్దవాళ్లు, ఉప్పల్ వైపు బస్సు కోసం నిలబడ్డవాళ్లు అందరి చేతుల్లోనూ అదే ప్లేటు ఉంటుంది. తాతల నాటి నుంచి మన ఇళ్లలో ఇదే తింటున్నామని చాలామంది నమ్మకం. కాదు, ఇది ఇండోనేషియా నుంచి దిగుమతి అయిన వంట అని చదువుకున్నవాళ్లలో కొందరి నమ్మకం. ఈ రెండో మాటను పుస్తకానికెక్కించినాయన ఇదే తార్నాకలో రెండు దశాబ్దాలు పైచిలుకు ఉద్యోగం చేశారన్న సంగతి మాత్రం తార్నాకవాళ్లకే పెద్దగా తెలియదు. ఆ రెండు నమ్మకాలూ ఒకే పొరపాటు మీద నిలబడ్డాయని నా వాదన. ఇడ్లీని ఒక వస్తువుగా చూసి, అది ఎక్కడ పుట్టింది, ఎప్పుడు పుట్టింది అని అడిగితే తప్పుడు జవాబే వస్తుంది. ఇడ్లీ అంటే నాలుగు పనితనాలు: మినప్పప్పు నానేసి రుబ్బడం, ఆ పిండిని పులియనివ్వడం, ఆవిరి మీద ఉడికించడం, అందులో బియ్యపు రవ్వ కలపడం. నాలుగింటి వయసూ ఒకటి కాదు. ఒక్కొక్కదాన్ని విడిగా చూస్తే దిగుమతి కథ నిలవదు, ‘తాతల నాటి పొద్దుటి టిఫిన్’ కథ కూడా సగమే మిగులుతుంది.

దిగుమతి మాట చెప్పినాయన కె.టి. అచ్చయ. 1923లో కర్ణాటకలోని కొల్లేగాలలో పుట్టి, ఇంగ్లండులోని లివర్‌పూల్‌లో నూనెల రసాయనశాస్త్రం చదువుకుని, హైదరాబాదులోని రీజినల్ రీసెర్చ్ లేబొరేటరీలో 1971 దాకా పనిచేశారు. ఆ సంస్థ 1944లో నిజాం ప్రభుత్వం పెట్టిన పరిశోధనశాలగా మొదలై, తర్వాత సీఎస్ఐఆర్ చేతికి వచ్చి, 1989 నుంచి ఐఐసీటీ అనే పేరుతో ఇప్పటికీ తార్నాకలోనే ఉంది. అచ్చయ అసలు పని పత్తిగింజల నూనె, ఆముదం వంటివాటి మీద. తిండి చరిత్ర ఆయన తర్వాత పట్టించుకున్న విషయం. 1994లో వచ్చిన ‘ఇండియన్ ఫుడ్: ఎ హిస్టారికల్ కంపేనియన్’, 1998లో వచ్చిన ఆహార చరిత్ర నిఘంటువు ఈ దేశంలో ఎవరు ఏ వంటకం గురించి రాసినా ముందు తెరవాల్సిన పుస్తకాలు. అందుకే ఆయన అనుమానంగా అన్నది కూడా పదిమంది నోళ్లలో నలిగి తీర్పు అయి కూర్చుంది. ఇడ్లీ ఇండోనేషియాది అని అచ్చయ రుజువు చేశానని చెప్పలేదు, అయి ఉండవచ్చన్నారు. పత్రికలూ వాట్సాపూ ఆ ‘ఉండవచ్చు’ను మింగేశాయి.

ఆయన ముందు పెట్టుకున్న ఆధారాలు మాత్రం గట్టివే. ‘ఇడ్డలిగె’ అనే పేరు మొదట కనిపించేది కన్నడంలో. క్రీ.శ. 920 ప్రాంతంలో శివకోట్యాచార్యుడు రాసిన ‘వడ్డారాధనె’లో, ఇంటికి వచ్చిన బ్రహ్మచారికి వడ్డించిన 18 రకాల పదార్థాల్లో అదొకటి. 1025 ప్రాంతంలో చావుండరాయడు రాసిన ‘లోకోపకార’లో తయారీ కూడా ఉంది: మినప్పప్పును మజ్జిగలో నానబెట్టి, మెత్తగా రుబ్బి, పెరుగు మీద తేరిన నీళ్లూ దినుసులూ కలపాలి. ఆ తర్వాత పశ్చిమ చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడి పేర ఉన్న ‘మానసోల్లాసం’లో, అంటే 1130 ప్రాంతంలో, ‘ఇడ్డరికా’ వస్తుంది. మెత్తని మినప పిండిని చిన్న ఉండలు చేసి, మిరియాల పొడి, జీలకర్ర, ఇంగువ తగిలించడం అందులోని పద్ధతి. తయారీ చెప్పిన రెండు చోట్లా మినుములున్నాయి, బియ్యం ఎక్కడా లేదు. రాత్రంతా పులియబెట్టమని ఎవరూ చెప్పలేదు. ఆవిరి మీద ఉడికించమనీ లేదు. ఇప్పటి ఇడ్లీని ఇడ్లీ చేసే మూడు లక్షణాలూ అక్కడ లేవని అచ్చయ ఎత్తిచూపారు. అది నిజమే. ఈ మూడూ బయటి నుంచి వచ్చి చేరి ఉంటాయనీ, 8వ శతాబ్దానికీ 12వ శతాబ్దానికీ మధ్య ఇండోనేషియా హిందూ రాజుల వెంట వచ్చిన వంటవాళ్లు తెచ్చి ఉంటారనీ ఆయన ఊహ. పులియబెట్టడం అక్కడివాళ్లకు కొట్టిన పిండి కాబట్టి ఊహకు ఒక బలం చిక్కింది. రెండో బలం చైనా యాత్రికుడు షువాన్‌జాంగ్ ఇచ్చాడు.

మనం చిన్నప్పటి పాఠాల్లో హ్యూయన్‌త్సాంగ్ అని చదువుకున్నది ఈయన్నే. 629 నుంచి 645 వరకు సాగిన యాత్రలో ఆంధ్రదేశానికి వచ్చి ధాన్యకటకంలో కూడా ఉన్నాడు. భారతీయుల ఇళ్లలోని వంటసామాను గురించి చెబుతూ, వీళ్లకు అన్నం వండే ఆవిరి పాత్ర తెలియదని రాశాడు. ఆవిరి పాత్రే లేని దేశంలో ఇడ్లీ ఎలా పుడుతుందన్నది అచ్చయ ప్రశ్న. ఆ వాక్యం రాసింది ఎవరో గుర్తుపెట్టుకుని చదివితే వేరే అర్థం వస్తుంది. చైనాలో అన్నాన్ని ఆవిరి మీద ఉడికించడానికి అడుగున చిల్లులున్న ప్రత్యేకమైన పాత్ర వేల ఏళ్లుగా ఉంది. ఆ అలవాటు నుంచి వచ్చినవాడు మన వంటింట్లోకి తొంగి చూసి, తనకు అలవాటైన పాత్ర కనిపించలేదని చెప్పాడు. మనం అన్నం గంజి వార్చి వండుకుంటాం కాబట్టి అది కనిపించదు మరి. పాత్ర లేదంటే పని లేదని కాదు. సామాను జాబితా రాసేవాడికి కుండ కనిపిస్తుంది, మూకుడు కనిపిస్తుంది. కుండ మూతికి కట్టిన పాత పంచెముక్క సామానులోకి రాదు. కట్టినప్పుడే అది ఆవిరి పాత్ర, విప్పి ఉతికి ఆరేస్తే మళ్లీ గుడ్డే.

ఆ గుడ్డకు తెలుగులో ఒక పేరుంది. వాసెన. కుండ మూతికి బిగించి కట్టే గుడ్డను అలా అంటారు. దాని మీద పిండి పోసి, పైన మూకుడు బోర్లించి, కింద నీళ్లు మరిగిస్తే వచ్చేది వాసెన కుడుము. కోస్తా జిల్లాల్లో దాన్నే ఆవిరి కుడుమని అంటారు. ఒట్టి మినప్పప్పు పిండి, ఉప్పు, ఇష్టమైతే జీలకర్ర, అంతే. బియ్యం పడదు. వెడల్పాటి ఆ తెల్లని కుడుమును ముక్కలు చేసుకుని నెయ్యి, అల్లం పచ్చడితోనో కారప్పొడితోనో తింటారు. కోనసీమకు వెళితే గుడ్డ కూడా అక్కర్లేదు. అంబాజీపేటలో పేరుపడ్డ పొట్టిక్కలు పనసాకులను పుల్లలతో బుట్టలా గుచ్చి, అందులో పిండి పోసి ఉడికించేవి. మంగళూరు వైపు కొంకణీ ఇళ్లలోనూ ఈ పనసాకు బుట్టే ఉంది. కాంచీపురంలో ఆకు పరిచిన పొడుగాటి వెదురుబుట్టలో ఉడికిస్తారు. పాలక్కాడు దగ్గర రామశ్శేరిలో మట్టికుండ మూతికి వల అల్లి, దాని మీద గుడ్డ పరిచి ఇడ్లీ వేస్తారు. గుంటల రేకుతో ఒక్క సంబంధమైనా లేని ఇన్ని పద్ధతులు ఒకదానికొకటి దూరంగా, ఎవరింట్లో దొరికే ఆకుతోనో గుడ్డతోనో బతుకుతున్నాయి. ఓడ మీద వచ్చిన ఒక కొత్త పాత్ర నుంచి నేర్చుకున్న విద్య అయితే ఎక్కడో ఒకచోట ఆ పాత్ర గుర్తు మిగలాలి. మిగిలింది మాత్రం కుండ, గుడ్డ, ఆకు.

పులియడం సంగతి ఇంకా తేలిక. ఇండోనేషియాలో పులియబెట్టే పద్ధతుల్లో పేరున్నది టెంపే. సోయా గింజలను ఒక రకం బూజు పట్టించి ముద్ద కట్టించడం దాని పని. మన ఇడ్లీ పిండిలో బూజుకు చోటు లేదు. కార్నెల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 1965లో అచ్చు వేసిన పరిశీలనల్లో పిండి పులవడానికీ పొంగడానికీ ప్రధాన కారణం ల్యూకోనోస్టాక్ మెసెంటెరాయిడిస్ అనే బ్యాక్టీరియా అని తేలింది. అది బయటి నుంచి తెచ్చి వేసే తోడు కాదు. మినప్పప్పుతోనే వస్తుంది, నానినకొద్దీ పెరుగుతుంది, పుల్లటి ఆమ్లంతో పాటు బొగ్గుపులుసు వాయువును వదులుతుంది. ఆ వాయువు బయటికి పోకుండా పట్టి ఉంచేది మినప్పప్పులోని జిగురు, మాంసకృత్తులు. కందిపప్పు రుబ్బి ఇడ్లీ వేయబోతే ఎందుకు లేవదో, మినప్పప్పుకు ఆ గౌరవం ఎందుకో ఇక్కడే ఉంది. మినుము ఈ దేశంలోనే సాగులోకి వచ్చిన పంట. మన ఎండల్లో నానేసి రుబ్బిన మినప్పప్పును రాత్రి మరిచిపోతే చాలు, తెల్లారేసరికి గిన్నె అంచు దాటుతుంది. దాన్ని ఎవరో నేర్పాలని అనుకోవడం, పాలు తోడుకోవడం ఎవరో నేర్పాలని అనుకున్నట్టుంటుంది. చావుండరాయడు మజ్జిగలో నానబెట్టమన్నాడంటే పులుపు మొదలుపెట్టడం అప్పటికే తెలుసన్నమాట. పోనీ జావా, బాలి వైపు ఆవిరి మీద ఉడికించే బియ్యపు పిండి వంట పేరు చూద్దామా? ‘అపెమ్’. అది తమిళ అప్పం నుంచి వెళ్లిన మాటగా లెక్క. ఓడ నడిచిందేమో గానీ, పేరు మాత్రం ఇటు నుంచి అటు వెళ్లింది.

ఇక్కడ అచ్చయ పక్షాన నిలబడేవారు ఒక న్యాయమైన ప్రశ్న వేయవచ్చు. వాసెన కుడుము ఇప్పుడుంది సరే, వెయ్యేళ్ల కింద ఉందని ఏమిటి సాక్ష్యం? ఇప్పుడు కనిపించే సాదా వంట అంతా పాత వంట కావాలని లేదు. ఇడ్లీ వచ్చాక బియ్యం కొనలేని ఇల్లో, బియ్యం వద్దనుకున్న ఇల్లో దాన్ని కుడుముగా తగ్గించి ఉండవచ్చు కదా. ఈ అభ్యంతరాన్ని తోసెయ్యడానికి వీల్లేదు. ఒక్క కుడుమే సాక్షి అయితే నేనూ ఒప్పుకునేవాణ్ణే. కానీ మూడు సాక్ష్యాలు ఒకే దిక్కు చూపుతున్నాయి. మొదటిది, పాత కన్నడ, సంస్కృత గ్రంథాల్లోని ఇడ్డలిగె, ఇడ్డరికా కూడా ఒట్టి మినుములవే, కుడుములాగే. రెండోది పేరు. పాత తెలుగులో ఇడ్లీని ‘ఇడ్డెన’ అన్నారు. ‘ఇడ్లీ’ అన్న రూపం తర్వాత హోటళ్లతో స్థిరపడింది. ఇడ్డలిగె, ఇడ్డరికా, ఇడ్డెన ఒకే కుటుంబం మాటలు. పొరుగు నుంచి మొన్నమొన్న తెచ్చుకున్న వంటకైతే ఇంట్లో ఇంత అరిగిన సొంత పేరు ఉండదు. ఇక మూడోది కొలత. తమిళ ఇళ్లలో ఒక పాలు మినప్పప్పుకు మూడు, నాలుగు పాళ్ల బియ్యం వాడుతుంటే, తెలుగు ఇళ్లలో ఒక గ్లాసు మినప్పప్పుకు రెండు గ్లాసుల రవ్వ సాధారణ కొలత. మన ఇడ్లీలో మినుము వాటా ఇంకా బరువుగా ఉంది. ఒక చివర ఒట్టి మినుముల ఆవిరి కుడుము, మధ్యలో రవ్వ కలిపి దళసరిగా కాల్చే దిబ్బరొట్టె, ఆ తర్వాత మన ఇడ్లీ, అటు చివర బియ్యం ఎక్కువైన తమిళ ఇడ్లీ. మినుములోకి బియ్యం ఎలా నడిచి వచ్చిందో ఈ వరస చూపిస్తుంది. పాత మెట్లు కూలకుండానే కొత్త మెట్లు కట్టుకుంటూ వచ్చిన ఇల్లు ఇది.

అంటే అచ్చయ ఏం తప్పు చేశారు? గ్రంథంలో లేనిది ఇంట్లోనూ లేదనుకున్నారు. రాజుల పాకశాస్త్రం రాసేవాడికి మిరియాలు, ఇంగువ ముఖ్యం, గుడ్డ కట్టే పని ముఖ్యం కాదు. ‘మానసోల్లాసం’ పుట్టిన కల్యాణం ఎక్కడుందో ఇక్కడ చెప్పుకోవాలి. అది నేటి బసవకల్యాణ్, బీదర్ జిల్లాలో ఉంది. తెలంగాణ మీద కూడా ఆ చాళుక్యులే ఏలికలు, కాకతీయులు ఒకప్పుడు వాళ్ల సామంతులు. 1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగేదాకా బీదర్ హైదరాబాదు రాష్ట్రంలోనే ఉంది. అచ్చయ తార్నాకలో పనిచేస్తున్న తొలి రోజుల్లో ఇడ్డరికా పుట్టిన ఊరూ, ఆయన ప్రయోగశాలా ఒకే రాష్ట్రంలో ఉన్నాయన్నమాట. ఇడ్లీ ఆంధ్రవాళ్లదీ, అరవవాళ్లదీ, తెలంగాణది కాదు అని అప్పుడప్పుడు వినిపించే వాదానికి కూడా ఇది కొంత జవాబు. కొంతే. ఎందుకంటే ఆ వాదంలో ఒక నిజం ఉంది, దానికి పొద్దుటి తిండి దగ్గర మళ్లీ రావాలి.

ముందు బియ్యపు రవ్వ. ఇక్కడ తార్నాకలోని ఇంకో సంస్థ కథలోకి వస్తుంది. జాతీయ పోషకాహార సంస్థ, ఎన్ఐఎన్, యూనివర్సిటీకి ఆనుకునే ఉంది. ఉస్మానియా యూనివర్సిటీ, ఎన్ఐఎన్ రెండింటి పుట్టుకా 1918లోనే, కాకపోతే ఎన్ఐఎన్ పుట్టింది నీలగిరి కొండల్లోని కూనూరులో. రాబర్ట్ మెక్‌కారిసన్ అనే వైద్యుడు అక్కడి పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఒకే గదిలో బెరిబెరి రోగం మీద పరిశోధన మొదలుపెట్టాడు. అది 1928లో న్యూట్రిషన్ రీసెర్చ్ లేబొరేటరీస్ అయి, 1958లో హైదరాబాదు వచ్చి, 1969లో నేటి పేరు పెట్టుకుంది. ఆ బెరిబెరి కథలో మనకు పెద్ద భాగం ఉంది. ఆ రోగం ఎక్కువగా కనిపించిన చోట్లలో ఉత్తర సర్కారు జిల్లాలు ముందుంటాయి. మర పట్టించిన పచ్చి బియ్యం తినేవాళ్లకు తవుడుతో పాటు థయమిన్, అంటే బి1 విటమిన్, పోయింది. వడ్లను ముందు ఉడకబెట్టి ఎండబెట్టి దంచుకునే చోట ఆ విటమిన్ గింజ లోపలికి ఇంకి, మరలో పడ్డా కొంత మిగిలింది. ఉప్పుడు బియ్యం తినే తమిళ జిల్లాలకు ఆ రోగం అంతగా పట్టలేదు. తెలుగువాళ్లు మాత్రం వాసనంటూ, రంగంటూ ఉప్పుడు బియ్యాన్ని అన్నానికి దగ్గరకు రానివ్వలేదు.

ఇప్పుడు కిరాణా కొట్లో ఇడ్లీ రవ్వ ప్యాకెట్టు చూడండి. చాలామటుకు అది ఉప్పుడు బియ్యం రవ్వ. కొన్ని జిల్లాల్లో దాని పేరే ఉప్పుడు రవ్వ. కంచంలో వద్దన్న బియ్యాన్ని తెలుగువాళ్లు రోజూ పొద్దున్నే ప్లేటులో తింటున్నారు. 2021, 2022లలో యాసంగి ఉప్పుడు బియ్యాన్ని కొనేదెవరని తెలంగాణ ప్రభుత్వం, కేంద్రం వాదులాడుకున్నాయి. యాసంగి వడ్లు ఎండకు మరలో నూకలవుతాయి కాబట్టి ఉడకబెట్టక తప్పదన్నది రాష్ట్రం బాధ. ఇక్కడ ఆ బియ్యం ఎవరూ తినరన్న మాట ఆ రోజుల్లో అందరూ అన్నారు. ఇడ్లీ సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. రవ్వ వాడటమే తెలుగు ఇడ్లీకి ప్రత్యేకత. తమిళులు బియ్యం కూడా నానేసి రుబ్బుతారు. మనం తిరగలిలో, తెలంగాణలో అయితే ఇసుర్రాయిలో, విసిరిన పొడి రవ్వను కడిగి, నీళ్లు పిండేసి, మినప పిండిలో కలుపుతాం. రుబ్బే పని సగానికి తగ్గుతుంది, ఇడ్లీకి ఆ గరుకు వస్తుంది. ఇంట్లో విసిరే రోజులు పోయి మరలు రవ్వను సంచుల్లో పోసి అమ్మడం మొదలుపెట్టాకే ఇది రోజువారీ వంట కాగలిగింది. బెరిబెరి తెచ్చిన మరే ఇడ్లీనీ తెచ్చిందనడం కాస్త పెద్ద మాటే అయినా, అబద్ధం కాదు.

ఇక ‘తాతల నాటి పొద్దుటి టిఫిన్’ అన్న నమ్మకం సంగతి. వంట పాతదే గానీ పొద్దున్నే తినడం పాతది కాదు. తెలుగునేల మీద ఎక్కువ ఇళ్లలో పొద్దుటి తిండి చద్దన్నం. రాత్రి మిగిలిన అన్నంలో నీళ్లో మజ్జిగో పోసి ఉంచి, పొద్దున ఉల్లిపాయతోనో ఆవకాయతోనో తినడం. తెలంగాణ పల్లెల్లో జొన్న గటక, అంబలి, సద్ది. హైదరాబాదు పాతబస్తీలో కిచిడీ, ఖట్టా, నహారీ, కుల్చా. ఇడ్లీ తెలంగాణది కాదనేవారి మాటలోని నిజం ఇదే. కానీ ఆ లెక్కన రోజూ పొద్దున్నే తినే ఇడ్లీ కోస్తా పల్లెలదీ కాదు. అక్కడ కూడా అది పండగకో, చుట్టాలు వస్తేనో, కాస్త కలిగిన ఇళ్లలోనో చేసుకునేది. కారణం రుచి కాదు, చాకిరీ. పదిమంది ఇంటికి సరిపడా మినప్పప్పును రుబ్బురోట్లో పొత్రం తిప్పుతూ కాటుకలా రుబ్బడానికి ఎంతసేపు పడుతుందో తిప్పిన చేతులకే తెలుసు. ఆ చేతులు ఎప్పుడూ ఆడవాళ్లవే. రోజూ ఇడ్లీ పెట్టే ఇల్లంటే రోజూ సాయంత్రం రోలు ముందు కూర్చోడానికి ఒక మనిషి ఉన్న ఇల్లు. సంప్రదాయం అన్న మాట వాడినప్పుడల్లా ఈ మనిషిని లెక్కలోంచి తీసేస్తున్నాం. 1950ల మధ్యలో కోయంబత్తూరులో కరెంటుతో తిరిగే గ్రైండరు తయారవడం, తర్వాత మిక్సీ, గ్యాసు, ఫ్రిజ్జు ఇళ్లలోకి రావడం, ఇవే ఇడ్లీని పొద్దుటి తిండిగా నిలబెట్టాయి.

ఇంటి కంటే ముందు హోటలు నిలబెట్టింది. ఉడిపి హోటళ్లు ఊరూరా వెలిసిన 20వ శతాబ్దంలోనే ఇడ్లీకి ‘టిఫిన్’ అనే హోదా వచ్చింది. ఎందుకు ఇడ్లీయే అని అడిగితే కొందరు రుచి అంటారు, కొందరు ఆరోగ్యం అంటారు. నాకు తోచిన కారణం లెక్క. దోసె ఒకటొకటే వేయాలి, పెనం ముందు మనిషి కదలకూడదు. పూరీకి నూనె కావాలి. ఇడ్లీ ఒక్క వాయికి పదుల్లో దిగుతుంది, నూనె చుక్క అక్కర్లేదు, ఉడుకుతున్నంతసేపు వంటవాడు పచ్చడి చూసుకోవచ్చు. వందలమందికి ఒకే గంటలో పెట్టాల్సిన చోటికి, అంటే హాస్టల్ మెస్సుకి, ఆసుపత్రికి, ఫ్యాక్టరీ క్యాంటీనుకి, ఇంతకంటే అనువైనది లేదు. ఉస్మానియాలో అన్ని జిల్లాల పిల్లలూ కలిసి ఉండే హాస్టళ్ల వంటి చోట సద్ది తిని పెరిగినవాడు, చద్దన్నం తిని పెరిగినవాడు, రొట్టె తిని పెరిగినవాడు ఒకే బెంచీ మీద కూర్చుని ఇడ్లీ తింటారు. పదేళ్ల తర్వాత వాళ్ల పిల్లలకు అదే ఇంటి తిండి. బియ్యం కరువైన రెండో ప్రపంచ యుద్ధకాలంలో బెంగళూరు ఎంటీఆర్ హోటలు గోధుమ రవ్వతో ‘రవ్వ ఇడ్లీ’ చేసిందని వాళ్లే చెప్పుకుంటారు. అది కూడా ఇప్పుడు సంప్రదాయ వంటల్లో లెక్కే. సంప్రదాయం కావడానికి రెండు తరాలు చాలన్నమాట.

ఇంత చెప్పాక, మరి తరం నుంచి తరానికి అందిందేమిటని అడిగితే నా దగ్గరున్న జవాబు చిన్నది. వంటకం పేరు మారింది, పాత్ర మారింది, బియ్యం వచ్చి చేరింది, తినే వేళ మారింది. మారనిది పిండి మీద చూపు. మినప్పప్పు ఎంతసేపు నానాలి, రుబ్బేటప్పుడు నీళ్లు ఎంత చిలకరించాలి, చలికాలంలో పొంగకపోతే గిన్నెను ఎక్కడ పెట్టాలి, ఎండాకాలంలో పుల్లబడకముందే ఎప్పుడు వేసేయాలి అన్నవి పుస్తకంలో కొలతగా రాయడం కష్టం. దక్కను పీఠభూమి మీది డిసెంబరు రాత్రికీ, కాకినాడ మే నెల రాత్రికీ ఒకే గంటల లెక్క పనికిరాదు. చేత్తో పిండి కలపాలని పెద్దలు అంటే చాదస్తం అనుకుంటాం. ఉప్పు వేసి చేత్తో కలిపినప్పుడు పిండి ఎంత వెచ్చగా, ఎంత జారుగా ఉందో తెలుస్తుంది, అసలు లాభం అక్కడుంది. ఇదంతా ఇప్పుడు రెడీమేడ్ పిండి ప్యాకెట్లతో పోతోందని వాపోయేవాళ్లున్నారు. రోలు పోయినందుకు నాకు ఏ బాధా లేదు. ప్యాకెట్టు వచ్చినా పెద్ద బాధ లేదు. దానితో పాటు ఆవిరి కుడుము, పొట్టిక్కబుట్ట, ఇంటింటి కొలతలూ ఎవరూ రాసుకోకుండా పోతాయే అన్నదే అసలు నష్టం. చరిత్ర రాసేవాడికి రేపు మళ్లీ గ్రంథాలే మిగులుతాయి, మళ్లీ ఎవరో ఓడల్ని వెతుకుతారు.

ఎన్ఐఎన్ వాళ్లు 2017లో వేసిన ఆహార పదార్థాల పట్టికల్లో 528 పదార్థాల్లో ఏ పోషకం ఎంతుందో ఉంది. అలాంటి పని వంటల విషయంలో ఇళ్లలోనే మొదలవ్వాలి. కాబట్టి మీ ఇంట్లో డెబ్బయ్యేళ్లు దాటినవాళ్లుంటే ఇడ్లీ బాగుండేదా అని అడగకండి, బాగుండేదనే అంటారు. ఏడాదికి ఎన్నిసార్లు చేసేవారు, ఎవరు రుబ్బేవారు, మినప్పప్పుకు రవ్వ ఎన్ని పాళ్లు, రవ్వ పచ్చి బియ్యందా ఉప్పుడు బియ్యందా, రేకులు రాకముందు దేని మీద ఉడికించేవారు అని అడిగి, ఊరి పేరుతో సహా ఒక కాగితం మీద రాసిపెట్టండి. వాసెన అన్న మాట వాళ్ల నోట వస్తే, అది కూడా.